వృత్తిలో ఆకాంక్ష – ఆత్మతృప్తి

(పాఠశాల ప్లాటినం జూబ్లీ ఉత్సవాల సందర్భంగా బరంపురంలో జరిగిన పూర్వ విద్యార్థుల సదస్సునందు ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాలకు డెబ్బదియైదు సంవత్సరాలు నిండటం సామాన్య విషయం కాదు. అందులోనూ ఇది ఒడిశాలో తెలుగు మాధ్యమ పాఠశాల. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి, అంతవరకు మద్రాసు రాజధానిలో ఉండిన గంజాం మండలంలోని అధికభాగం అందులో చేరినప్పుడు, మన తాతముత్తాతలు తమ ఊరు విడిచి ఎక్కడికీ పోలేదు. వారు కదలలేదు, ఎల్లలు కదిలాయి. ఉన్నచోటనే ఉండి అల్పసంఖ్యాకులైన ఆ పెద్దలు తమ బిడ్డలు ఇరుగుపొరుగు ఒడియా వారితో అన్నదమ్ముల వలె మెలగుతూనే అమ్మ మాటలో అక్షరాలు దిద్దుకోవాలని ఆశించారు. ఆ ఆశకు ఫలితమే ఈ పాఠశాల. కనుక ఇక్కడ నిలబడి ఆశను నిందించే అధికారం నాకు లేదు. ఆశ లేకపోతే ఈ గోడలే లేవు.

ఉత్సవ సంఘం వారు నన్ను మాట్లాడమన్నప్పుడు విషయాన్ని నా ఇష్టానికే విడిచిపెట్టారు. ఏమి మాట్లాడాలా అని ఆలోచిస్తుండగా ఈ వారంలోనే నన్ను ఇద్దరు రెండు ప్రశ్నలు అడిగారు. నా విషయం నాకు దొరికింది.

మొదటి ప్రశ్న అడిగినవాడు మన పూర్వ విద్యార్థి. బెంగుళూరులో పెద్ద కంప్యూటరు సంస్థలో ఉద్యోగం. ఇల్లు కొన్నాడు, కారు కొన్నాడు, తల్లిదండ్రులను చక్కగా చూసుకుంటున్నాడు. మొన్న సాయంత్రం నా గదిలో కూర్చొని, కాఫీ చల్లారిపోతున్నా త్రాగకుండా, “టీచరుగారూ, కోరుకున్నవన్నీ దొరికాయి. కాని ఆదివారం సాయంత్రం అయ్యేసరికి రేపు ఆఫీసుకు వెళ్ళాలన్న తలంపుతోనే గుండె బరువెక్కుతుంది. నేను ఎక్కడ పొరపాటు చేశాను?” అన్నాడు.

రెండవ ప్రశ్న అడిగినది మన పాఠశాలలోనే తాత్కాలికంగా పనిచేస్తున్న ఒక యువ ఉపాధ్యాయిని. చక్కగా పాఠం చెబుతుంది. పిల్లలు ఆమె వెంటబడి తిరుగుతారు. ఆమె అడిగిన తీరు వేరు. “మేడమ్, అందరూ ‘ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న తృప్తి మరెక్కడా లేదు’ అంటారు. బట్టల దుకాణంలో పనిచేసే మా చెల్లెలికి నాకంటే ఎక్కువ జీతం వస్తుంది. తృప్తితో ఇంటి అద్దె కట్టగలనా?”

ఒకరికి అన్నీ ఉండి తృప్తి లేదు. మరొకరికి తృప్తి ఉండి చేతిలో పైకం లేదు. ఈ ఇద్దరికీ ఆ క్షణంలో నేను సరియైన సమాధానం చెప్పలేకపోయాను. ఈనాటి నా మాటలు ఆ ఇద్దరికీ బాకీపడిన సమాధానం అనుకోండి.

ఆకాంక్షను గురించి మన పెద్దలు రెండు విధాలుగా చెబుతారు. “ఆశకు అంతులేదు” అని హెచ్చరించేదీ వారే, “బాగా చదువుకొని పెద్ద ఉద్యోగం చెయ్యాలి” అని దీవించేదీ వారే. చిన్నతనంలో ఈ రెండు మాటలకూ పొత్తు ఎలా కుదురుతుందో నాకు అర్థమయ్యేది కాదు. అర్థమయ్యేలా చెప్పినవారు మా నాన్నగారు. ఆయన పండితులు కారు. ఈ బరంపురంలో పట్టు మగ్గంపై నేసినవారు. మా ఇంటి ముందుగదిలో గుంటమగ్గం ఉండేది. తెల్లవారుజామున నాడె చప్పుడుతోనే మాకు మెలకువ వచ్చేది. బడి లేనిరోజుల్లో నేను ఆయన ప్రక్కన కూర్చొని తెగిన పోగులు అందిస్తూ ఉండేదాన్ని.

ఒకరోజు తొందరగా పని ముగిస్తే బాగుంటుందని పడుగును ఇంకా బిగించమన్నాను. ఆయన నవ్వి, “ఎక్కువ బిగిస్తే పోగు తెగుతుందమ్మా. వదులుగా విడిచిపెడితే గుడ్డ జాలిలాగ పడుతుంది. ఎంత బిగువు కావాలో పుస్తకంలో ఉండదు, చేతికి తెలియాలి” అన్నారు. తరువాత నేను కళాశాలలో చదివాను, ఉపాధ్యాయ శిక్షణ పొందాను, మనస్తత్వశాస్త్ర గ్రంథాలు కొన్ని చూశాను. కాని ఉద్యోగ జీవితంలో ఆకాంక్షకూ మనశ్శాంతికీ ఉండవలసిన సంబంధాన్ని ఇంత సులభంగా చెప్పిన మాట నాకు మరెక్కడా దొరకలేదు. ఆకాంక్ష మన పనికి పడుగు వంటిది. బిగువు లేని పడుగు మీద నేత సాగదు. అయితే ఆ బిగువు ఎవరికోసం, దేనికోసం అన్నది మరచిపోయి బిగించుకుంటూ పోతే పోగు తెగుతుంది. తెగేది ఒక్కొక్కప్పుడు మన పోగు కాదు, మన చేతిలో ఉన్న మరొకరి పోగు.

ఈ చివరి మాట నేను ఊరకే అనలేదు. దాని వెనుక ఒక కథ ఉంది. అందులో దోషిని నేనే. ఇంతమంది విద్యార్థుల ఎదుట ప్రధానోపాధ్యాయిని తన తప్పు చెప్పుకోవడం సంప్రదాయం కాదని కొందరికి అనిపించవచ్చు. కాని ఉత్సవాల్లో మనం ఒప్పులు మాత్రమే చెప్పుకుంటే ఈ సంచిక చదివే రేపటి ఉపాధ్యాయులకు మనవల్ల ఉపయోగమేమిటి?

నేను 1994లో ఉపాధ్యాయినిగా చేరాను. అప్పుడు నాకు ఇరవైనాలుగేళ్ళు. మగ్గం గుంట పక్కన పెరిగిన పిల్లను కనుక, పేరు తెచ్చుకోవాలన్న కోరిక నాలో మిక్కుటంగా ఉండేది. అది తప్పని ఇప్పుడు కూడా అనను. నాలుగేళ్ళకు, 1998లో, నన్ను పదవ తరగతికి తరగతి ఉపాధ్యాయినిని చేశారు. మా తరగతిని బోర్డు పరీక్షలో నూటికి నూరుపాళ్ళు ఉత్తీర్ణం చేయించాలని సంకల్పించుకున్నాను. ఉదయం ఏడు గంటలకు వచ్చేదాన్ని, సాయంత్రం దీపాలు పెట్టిన తరువాత ఇల్లు చేరేదాన్ని. పిల్లలు కూడా నాతోపాటు కష్టపడ్డారు.

అయితే ఆ తరగతిలో ముగ్గురు బాలురు గణితంలోనూ ఆంగ్లంలోనూ బాగా వెనుకబడి ఉన్నారు. వారు తప్పుతారని నాకు నమ్మకం కలిగింది. వారు తప్పితే నా నూరు శాతం తప్పుతుంది. దరఖాస్తు ఫారాలు నింపే రోజులు వచ్చాయి. నేను ఆ ముగ్గురి తల్లిదండ్రులనూ పిలిపించాను. “ఈ ఏడు ఆపండి. వచ్చే ఏడు గట్టిగా చదివించి పంపుదాం” అని మెత్తని మాటలతో చెప్పాను. చదువురాని ఆ తల్లిదండ్రులు నా మాట మీద గౌరవంతో తల ఊపి వెళ్ళిపోయారు. నేను వారి మేలు కోరే చెబుతున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. ఆత్మవంచన ఎల్లప్పుడూ మంచిమాటల రూపంలోనే వస్తుంది.

ఆ సంవత్సరం మా తరగతి ఫలితం నూటికి నూరు. ఒక సంస్థవారు సభ పెట్టి నాకు శాలువ కప్పి ఒక షీల్డు బహూకరించారు. ఆ ముగ్గురిలో ఇద్దరు మరుసటి ఏడు పరీక్ష వ్రాశారు. మూడవవాడు తిరిగి బడికి రాలేదు. మన గంజాం జిల్లా నుండి వేలాది యువకులు వెళ్ళే దారినే అతడూ పట్టాడు. సూరత్ వెళ్ళి మరమగ్గాల కర్మాగారంలో చేరాడని తరువాత ఎవరో చెప్పారు. నేను “అయ్యో” అన్నాను. అంతే. పనిలో పడి మరచిపోయాను.

ఇరవైరెండేళ్ళు గడిచాయి. 2020 మే నెల. కరోనా వ్యాధి భయంతో దేశమంతా స్తంభించిన కాలం. సూరత్ నుండి మన వలస కార్మికులు ప్రత్యేక రైళ్ళలో ఇంటిముఖం పట్టారు. వచ్చినవారిని నేరుగా ఇండ్లకు పంపకుండా కొన్ని దినాలు విడిగా ఉంచడానికి అనేక పాఠశాలలను వసతి కేంద్రాలుగా మార్చారు. మన పాఠశాల కూడా వాటిలో ఒకటి. అప్పటికి నేను ప్రధానోపాధ్యాయినిని. బల్లలు తీయించి, గదుల్లో చాపలు పరిపించి, నీళ్ళ ఏర్పాట్లు చూస్తూ రోజూ వచ్చేదాన్ని.

ఒక ఉదయం ఉత్తరపు వరండాలో, ముఖానికి గుడ్డ కట్టుకున్న ఒక మనిషి దూరాన నిలబడి, “నన్ను పోల్చారా టీచరుగారూ?” అన్నాడు. పోల్చలేకపోయాను. జుట్టు నెరిసింది. మరమగ్గాల హోరులో సంవత్సరాల తరబడి పనిచేసి వినికిడి తగ్గినందున కాస్త గట్టిగా మాట్లాడుతున్నాడు. తన పేరు చెప్పాడు. తరువాత నవ్వుతూ, “ఫారం నింపవద్దన్నారు కదా, ఆ ముగ్గురిలో ఒకడిని. ఏమి చిత్రమో చూడండి, నన్ను పడుకోబెట్టింది మన పదవ తరగతి గదిలోనే” అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా భరించేదాన్నేమో. కొంతసేపటికి నోరు పెగుల్చుకొని, “నాయనా, నీ విషయంలో నేను తప్పు చేశాను” అన్నాను. అతడు కంగారుపడ్డాడు. “అంత మాట అనకండి. నాకు లెక్కలు రావన్నది నిజమే కదా. మా పాప ఎనిమిదవ తరగతికి వస్తుంది. ఇక్కడే చేర్పిస్తాను. దానికీ లెక్కలు అంతంతమాత్రమే. దాన్ని మాత్రం ఆపకండి టీచరుగారూ” అన్నాడు.

ఆ పాప మన బడిలో చేరింది. 2023లో పదవ తరగతి పరీక్షకు ఫారం నింపింది. గణితంలో తప్పింది. మళ్ళీ కూర్చోబెట్టి చెప్పాము. సప్లిమెంటరీలో గట్టెక్కింది. ఆ సంవత్సరం మన పాఠశాల ఫలితం నూరు శాతం కాలేదు. సమీక్షా సమావేశంలో నన్ను లేచి నిలబడి సంజాయిషీ చెప్పమన్నారు. చెప్పాను. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది. 1998లో శాలువ కప్పించుకున్న రాత్రి అంత హాయిగా నిద్రపట్టిందని నాకు జ్ఞాపకం లేదు.

ఆ షీల్డు ఇప్పటికీ నా గదిలో ఉంది. తీసివేద్దామనుకున్నాను, తీయలేదు. నా పరిశ్రమ కూడా అందులో ఉన్నది కదా. ముప్ఫై మందికి పైగా పిల్లలు నిజంగా చదివి ఉత్తీర్ణులైనారు. మా నాన్నగారి మగ్గం మీద పడుగులో ఒక పోగు తెగితే, దాన్ని అతకకుండా నేస్తే, గుడ్డ పొడవునా ఒక గీత పడుతుంది. నా సర్వీసు పొడవునా ఆ గీత ఉంది. షీల్డును చూసినప్పుడెల్లా నేను గీతనూ చూస్తాను, నేతనూ చూస్తాను.

ఇప్పుడు మీరు నన్ను అడగవచ్చు. “అయితే ఆకాంక్షను విడిచిపెట్టమంటారా?” అని. కాదు. నా తప్పు పేరు కోరడం కాదు. పిల్లవానిని చూడవలసిన చోట అంకెను చూడటం నా తప్పు. ఆకాంక్షను చంపుకోనక్కరలేదు. దాని ముఖాన్ని మరలించుకుంటే చాలు. “నన్ను ఎవరు చూస్తున్నారు?” అని అడిగే ఆకాంక్ష ఒకటి. “ఈ పని వల్ల ఎవరికి ఏమి ఒనగూడుతున్నది?” అని అడిగే ఆకాంక్ష మరొకటి. రెండింటికీ శ్రమ ఒక్కటే, పట్టుదల ఒక్కటే. ఫలితం మాత్రం వేరు.

ఇందుకు నిదర్శనం కోసం మనం దూరదేశాలకు పోనక్కరలేదు. మన పొరుగు పట్టణమైన పర్లాకిమిడిలో ఒక బడిపంతులు ఉండేవారు. ఆయనే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న జన్మించారు. ఆ తేదీనే ఇప్పుడు మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆయనను వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా అందరూ ఎరుగుదురు. ఉద్యోగిగా ఆయన ఎలా జీవించారో తెలిసినవారు తక్కువ.

1880లో ఆయన పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్ఫై రూపాయల జీతంపై ఉపాధ్యాయులుగా చేరారు. అప్పటికి ఆయన చదువు మెట్రిక్యులేషన్ మాత్రమే. ఉద్యోగం చేస్తూనే ఇంటివద్ద స్వయంగా చదువుకొని ఎఫ్.ఎ., ఆ తరువాత 1896లో బి.ఎ. పరీక్షలలో కృతార్థులైనారు. అంతటి పట్టుదలను ఆకాంక్ష అనక మరేమంటాము? కళాశాల తరగతులకు బోధించే అర్హత కూడా సంపాదించారు. శ్రీముఖలింగ క్షేత్రంలోని శాసనాలను చదవడానికి ప్రాచీన లిపులు తామే నేర్చుకున్నారు. భాషాశాస్త్ర గ్రంథాలు తెప్పించుకొని ఒంటరిగా సాధన చేశారు.

ఆ సాధననంతటినీ ఆయన మరలించిన దిక్కు చూడండి. ఆ పరిసరాల కొండల్లో నివసించే సవరలు ఆయన దృష్టిని ఆకర్షించారు. వారి భాషకు లిపి లేదు, పుస్తకం లేదు, బడి లేదు. ఆ భాష నేర్చుకుంటే ఉద్యోగంలో పైకి పోయే మార్గం ఏదీ లేదు. అయినప్పటికీ సవర భాష తెలిసిన వ్యక్తిని తమ ఇంట్లోనే ఉంచుకొని ఆ భాష నేర్చుకున్నారు. వాచకాలు వ్రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర బాలలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం ఆయన కృషికి పారితోషికం ఇవ్వజూపినప్పుడు, దానిని తాము పుచ్చుకోక, ఆ ధనంతో సవరలకు బడి పెట్టమని కోరారు. మన్యంలో తిరుగుటచేత మలేరియా సోకింది. దానికై వాడిన క్వినైను వల్ల ఆయనకు చెవుడు వచ్చింది. భాషల ధ్వనులను వినడమే వ్రతంగా పెట్టుకున్న మనిషికి చెవుడు రావడం ఎంతటి శిక్షో ఊహించండి. అయినా పని ఆగలేదు. 1911లో ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట కూడా ఆ కృషి సాగింది. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఆంగ్ల నిఘంటువు వెలువడ్డాయి. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు. అంటే జీవితపు చివరి సంవత్సరాల వరకు, యౌవనంలో చేపట్టిన పనిలోనే ఉన్నారు.

ఆయనకు అన్నీ జయాలే కలుగలేదు. 1910 తరువాతి సంవత్సరాల్లో పాఠశాలల్లో వ్యావహారిక భాషకు స్థానం కల్పించాలని ఆయన చేసిన వాదం నాడు నెగ్గలేదు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక స్థాపించారు. అది ఎక్కువ కాలం సాగలేదు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు, అర్ధశతాబ్ది పైగా పనిచేసిన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళారు. గెలుపునే తృప్తికి కొలతగా పెట్టుకొని ఉంటే ఆయన నిరాశలో మునిగిపోవలసింది. పనినే కొలతగా పెట్టుకున్నారు గనుక ఓటమి ఆయన చేతిలోని కలాన్ని లాగివేయలేకపోయింది. ఇంతకూ, గ్రాంథిక వాసనలు వీడని నా ఈ ఉపన్యాసం ఆయన విని ఉంటే చెవిమెలి పెట్టేవారేమో! పెద్దల సభ అంటే నాకు చిన్నప్పటి భయం ఇంకా పోలేదు, క్షమించాలి.

మరొక ఉదాహరణ మన ఊరిదే. భారత రాష్ట్రపతి పదవిని 1969 నుండి 1974 వరకు అలంకరించిన వరాహగిరి వేంకటగిరిగారు 1894 ఆగస్టు 10న ఈ బరంపురంలో జన్మించిన తెలుగువారు. ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి వచ్చిన ఆయన న్యాయవాదిగా ధనార్జనకే పరిమితం కాక రైల్వే కార్మికుల సంఘ నిర్మాణంలోకి దిగారు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు, దానికి సమ్మతింపలేక 1954లో ఆ పదవికి రాజీనామా ఇచ్చారు. పదవిని ఆశించడం ఆయనకూ తెలుసు; ఆ పదవి దేనికోసమో అది నెరవేరనప్పుడు విడువడమూ తెలుసు. ఈ రెండవది నేర్చుకున్నవారికే మొదటిది భూషణం.

ఇప్పుడు నా ఇద్దరు ప్రశ్నకర్తల వద్దకు తిరిగి వస్తాను.

బెంగుళూరు నుండి వచ్చిన నాయనా, నీవు పొరపాటు ఏమీ చేయలేదు. పేదరికంలో పుట్టినవాడికి ఇల్లు, తల్లిదండ్రుల మందులు, చెల్లెలి పెండ్లి, ఇవన్నీ నిజమైన లక్ష్యాలే. వాటిని సాధించావు. అయితే ఆ లక్ష్యాలు తీరిన తరువాత కూడా అదే పరుగు పరుగెడుతున్నావు. ఎక్కడికో తెలియని పరుగులో అలసట తప్ప మిగిలేది లేదు. ఉద్యోగం మానివేయమని నేను చెప్పను. అది తొందరపాటు. ముందు నీ వారం రోజుల పనిని ఒక కాగితం మీద వ్రాసి చూసుకో. అందులో ఏ పని నీవు చేస్తే మరొక మనిషికి సులువైనదో గుర్తించు. నీ క్రింద పనిచేసే కుర్రవాడికి నీవు నేర్పిన ఒక్క విషయమైనా చాలు. అటువంటి పనికి నీ వారంలో ఎంత చోటున్నదో చూసుకొని, ఆ చోటును కొద్దికొద్దిగా పెంచుకో. ఎంత వెదకినా అటువంటిది ఒక్కటీ కనబడకపోతే, అప్పుడు వేరే చోటు వెదకు. ఆ వెదకడానికి కూడా ధైర్యం నీకుంది. ఒడియా, ఆంగ్లం, కన్నడం మధ్య తెలుగు బడి పిల్లవాడుగా నెగ్గుకు వచ్చినవాడివి నీవు.

ఇక మా యువ ఉపాధ్యాయినికి. అమ్మా, నీ ప్రశ్న నన్ను సిగ్గుపడేలా చేసింది. తృప్తి అనేది పనిచేసేవారు తమకు తాము పొందవలసినది; జీతమిచ్చేవారు జీతానికి బదులుగా చూపవలసినది కాదు. “సేవ” అనే పవిత్రమైన మాటను అడ్డుపెట్టుకొని పనివారి కడుపు కొట్టడం అన్యాయం. నీకు న్యాయమైన వేతనం కోరుకోవడం అత్యాశ కాదు, దాన్ని అడగడానికి సంకోచించవద్దు. పరీక్షలు వ్రాసి స్థిరమైన ఉద్యోగం సంపాదించుకో. ఆ ప్రయత్నంలో నీవు ఈ బడి విడిచి వెళ్ళవలసివస్తే నేనే సంతోషంగా సాగనంపుతాను. వేదికపై ఉన్న కార్యవర్గం పెద్దలకు కూడా ఈ సందర్భంలో ఒక విన్నపం. ఉత్సవాలకు సేకరించిన విరాళాల్లో కొంత భాగాన్ని తాత్కాలిక ఉపాధ్యాయుల వేతనాల కోసం నిధిగా కేటాయించండి. ముఖద్వారానికి కొత్త తోరణం కంటే అది మన పాఠశాలకు ఎక్కువ శోభనిస్తుంది.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. తృప్తి పేరుతో సోమరితనం కూడా మనలోనికి ప్రవేశిస్తుంది. “ఉన్నదానితో సంతోషంగా ఉన్నాను” అంటూ ముప్ఫై ఏళ్ళనాటి నోట్సునే ఈనాటికీ చెప్పించేవారి తృప్తి తృప్తి కాదు, అది వదులైన పడుగు. గిడుగువారు డెబ్బది ఏళ్ళు దాటిన తరువాత నిఘంటువు అచ్చువేయించారు. యాభై దాటిన మనం కొత్త పాఠ్యప్రణాళిక చదవడానికి విసుగు చెందరాదు. కంప్యూటరు చూసి నేను కూడా మొదట భయపడ్డాను. మన తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె ఓపికగా నేర్పింది. ఆనాడు నేను పొందిన ఆనందం ఇంకా జ్ఞాపకం ఉంది.

విద్యార్థులారా, మీకు పెద్ద ఉపదేశమేమీ చేయను. పెద్దవారు కావాలని కోరుకోండి. వైద్యులు కండి, ఇంజనీర్లు కండి, అధికారులు కండి, మంచి నేతగాళ్ళు కండి. ఈ ఊరి పట్టుచీర కట్టుకున్న ఏ ఇల్లాలూ నేసినవారి పేరు అడగదు. అయినా నేసినవాడు అంచు వంకర పోనివ్వడు. ఎవరూ చూడనిచోట కూడా అంచు వంకర పోనివ్వకుండా ఉండటమే వృత్తిధర్మం. గీత చెప్పిన కర్మయోగాన్ని నేను మా నాన్నగారి మగ్గం దగ్గరే మొదట చూశాను. పరీక్ష తప్పిన మిత్రుడిని మాత్రం విడిచిపెట్టకండి. మేము విడిచిపెట్టబోతే మాకు గుర్తుచేయండి.

ఈ ఉదయం జెండా ఎగురవేసేటప్పుడు పూర్వ విద్యార్థుల వరుసలో చివర ఒక మనిషి నిలబడి ఉండటం చూశాను. ఆహ్వానపత్రంలో “ఉత్తీర్ణులైన పూర్వ విద్యార్థులు” అని అచ్చు వేయబోతే నేను “ఉత్తీర్ణులైన” అన్న మాట కొట్టివేయించాను. అందుకే ఆయన వచ్చారు. మరమగ్గాల పని మాని ఇక్కడే చిన్న దుకాణం పెట్టుకున్నారు. వారి అమ్మాయి ఇప్పుడు కళాశాలలో చదువుతున్నది. మీ పేరు చెప్పను, మీరు లేవనక్కరలేదు. మీరు ఈ పాఠశాల విద్యార్థి అని ఈ సభలో చెప్పడం నాకు కర్తవ్యం, అందుకే చెబుతున్నాను.

నాకు పదవీ విరమణకు ఇంకా కొద్ది సంవత్సరాలు మిగిలి ఉన్నాయి. ఆశలు నాకూ ఉన్నాయి. ఖాళీగా ఉన్న గణితోపాధ్యాయుని స్థానం భర్తీ కావాలి. ఒకటవ తరగతిలో తెలుగు పలక పట్టే పిల్లల సంఖ్య పెరగాలి. ఫారం నింపే రోజున ఒక్క పిల్లవాడు కూడా ఇంటిదారి పట్టకూడదు. ఈ మూడింటికోసం నా పడుగును ఇంకా బిగువుగానే ఉంచుకుంటాను.